నడిమిగది వెంటిలేటరు

మా మావగారిని ఒక పెళ్ళిలో రెండో బంతిలో కూర్చోమన్నందుకు మా ఇంట్లో ఒక మనిషి ప్రాణం పోయింది. నేనీ మాటంటే "పెద్దాయన్ని పట్టుకుని అలా అంటావేమిటి గంగా" అని మందలించినవాళ్ళే గాని, అది అబద్ధమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

చైనా యుద్ధం జరిగిన ఏడు అది. మా అత్తవారిది పెడన. మావగారు పాండురంగయ్యగారికీ, ఆయన తమ్ముడు నాంచారయ్యగారికీ అద్దకం పని. తాతలనాటి పెంకుటింటికి నడుమ గోడ పెట్టుకుని చెరో వాటాలో ఉండేవాళ్ళు. ఆ ఇద్దర్నీ పెంచింది వాళ్ళ మేనత్త పాపాయమ్మ. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. తల్లిలేని పిల్లలిద్దర్నీ చెరో చంకనా వేసుకుని తిప్పిందట. ఇంట్లో మేమంతా ఆవిణ్ణి మామ్మ అనేవాళ్ళం. పంపకాల్లో పెరటి రోలూ, రంగు కాచే రాగి బానా, మామ్మా మా వాటాకి వచ్చాయి.

ఆ వేసవిలో నాంచారయ్యగారు కూతురి పెళ్ళి చేశారు. భోజనాల దగ్గర మా మావగారు విస్తరి ముందు కూర్చోబోతుంటే ఎవరో, "మీరు ఇంటివారు కదండీ, మగపెళ్ళివారు లేచాక కూర్చుందురు" అన్నారు. లోకంలో ఏ పెళ్ళిలోనైనా అనే మాటే. ఇంటివాడని మర్యాద చేసి అన్న మాట. ఆయన మాత్రం కండువా దులిపి భుజాన వేసుకుని, గోడ పక్కనుంచి ఇంటికొచ్చి, ఆవకాయ అన్నం తిని పడుకున్నారు. మళ్ళీ తమ్ముడి మొహం చూడలేదు. వెళ్ళి బతిమాలితే సరిపోయేదానికి, "ఆయనకంత ఉంటే నాకు లేదా" అని నాంచారయ్యగారూ గుమ్మం దాటలేదు. ఇద్దరికీ నెరిసిన మీసాలే. ఊళ్ళో తగాదాలు తీర్చడానికి ఇద్దర్నీ పిలుస్తూ ఉండేవాళ్ళు కూడాను.

తమ్ముడి కళ్ళు కుట్టాలని మావగారు మా వాటా మీది పెంకు దించేసి డాబా వేయించారు. వీధిలో అదే మొదటి డాబా. వచ్చినవాళ్ళందర్నీ హాల్లో నిలబెట్టి, తల పైకెత్తించి, శ్లాబు చూపించేవారు. పెంకుటింట్లో ఎన్ని తిప్పలున్నా పొగ దాని దారి అది చూసుకునేది, పెంకుల సందుల్లోంచి పోయేది. ఈ డాబా డబ్బా మూతలా కూర్చుంది. అందులోనూ హాలుకీ వంటింటికీ మధ్యనున్న నడిమిగది మరీ అన్యాయం. దానికి ఒకే ఒక్క తలుపు, అదీ హాల్లోకి. వంటింటికి దాని పక్క నడవలోంచి పోవాలి. కిటికీ పెట్టడానికి వీల్లేదు. అయినా మేస్త్రీ తన ఇష్టంకొద్దీ శ్లాబు కింద, పంపకాల గోడలో జానెడు వెంటిలేటరు వదిలాడు. అది నాంచారయ్యగారి పెరట్లోకి తెరుచుకుంటుంది.

గృహప్రవేశం నాడు మావగారి కన్ను దానిమీద పడింది. మన ఇంటి మాటలు వాళ్ళకి వినిపించడానికా అన్నారు. అదే రోజు సాయంత్రం నాంచారయ్యగారు మూడో మనిషి చేత కబురు పంపారు, పెద్దవాళ్ళ కళ్ళు మా పెరట్లో పడకుండా ఆ కన్నం మూయించమని. ఆ ఒక్క విషయంలో అన్నదమ్ములిద్దరూ ఏకమయ్యారు. మర్నాడు పొద్దున్నే ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, మీద సున్నం కొట్టించారు. ఎక్కడ ఉండేదో కనిపించకుండా పోయింది.

కార్తీకంలో మా ఆడపడుచు విజయకుమారి పురిటికి వచ్చింది. ఆ పిల్లని గుడివాడ బట్టల కొట్టువాళ్ళకి ఇచ్చారు. భర్త భాస్కరరావు నెమ్మదైన మనిషి. విజయకుమారి అలా కాదు, గలగలా మాట్లాడేది. వీధిలో పోయే ప్రతివాళ్ళనీ పేరు పెట్టి పలకరించేది. ఎవరి పిల్ల ఏ క్లాసు చదువుతోందో, ఎవరి ఆవు ఎప్పుడు ఈనిందో అన్నీ దానికి తెలుసు. మగపిల్లాణ్ణి కన్నది. నడిమిగదే పురిటిగది అయింది.

మార్గశిరం చలి, మధ్యమధ్య ముసురు. బాలింతకి గాలి సోకితే సన్నిపాతం కమ్ముతుందని మంత్రసాని చెప్పింది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం కింద కుంపటి. మామ్మ కింద చాప వేసుకుని అక్కడే పడుకునేది. పిల్లాడికి కాపడం పెట్టడం, కుంపట్లో బొగ్గులు ఆరిపోకుండా చూడటం ఆవిడ పని. తలుపు ఎప్పుడూ మూసే ఉంచేవాళ్ళు.

నాలుగు రోజులకి విజయకుమారికి తలనొప్పి మొదలైంది. పొద్దున్న లేవగానే వాంతి. స్నానానికి పెరట్లోకి తీసుకొస్తే, నీళ్ళు పోసి తల తుడిచేసరికి మామూలు మనిషయ్యేది. నాతో నవ్వుతూ మాట్లాడేది. మళ్ళీ గదిలోకి వెళ్ళి కాసేపు పడుకుంటే కణతలు పట్టుకునేది. మామ్మ కూడా మెట్టు ఎక్కుతుంటే ఆయాసపడేది, గోడ పట్టుకుని నిలబడేది. మా అత్తగారు ధనమ్మగారు దిష్టి అన్నారు. ఎవరి దిష్టో కూడా ఆవిడే చెప్పారు, గోడవతల తోడికోడలు సత్యవతమ్మదట. ఉప్పూ మిరపకాయలూ తీసి ఆ కుంపట్లోనే వేశారు. మంత్రసాని వచ్చి చూసి చలి లోపలికి దిగిందన్నది, నిప్పులు ఇంకాస్త పెంచమన్నది.

నేను ఆ గదిలో పిల్లాణ్ణి పెట్టుకుని అరగంట కూర్చున్నా తల దిమ్మెక్కేది. బయటికొస్తే తేటపడేది. దానికి పేరేమిటో నాకు తెలియదు. తలుపు తీస్తే బాగుంటుంది, మూస్తే బాగుండదు అని మాత్రం తెలిసింది. అది తెలియడానికి చదువక్కర్లేదు, ముక్కుంటే చాలు. మామ్మకీ తెలిసింది. ఒకరోజు మావగారు గుమ్మంలో నిలబడి మనవణ్ణి చూస్తుంటే, "ఊపిరాడటం లేదురా పాండూ, ఆ పైది కాస్త తీయించరా" అన్నది. పెంకుటింట్లో బతికిన ప్రాణం, డాబా అలవాటు కావడానికి టైము పడుతుంది అని ఆయన నవ్వారు. ఆ నవ్వు ఇంట్లో అందరికీ పంచి వెళ్ళారు. మా అత్తగారూ నవ్వారు.

మావగార్ని అడగమని మా ఆయన ఏడుకొండలుకి చెప్పాను. నాన్నగారికి ఎదురు చెప్పడమా అన్నాడు. మెడ గోక్కున్నాడు. ఎదురు చెప్పడం కాదు, రెండు ఇటుకలు తీయించమనడం అన్నాను. మళ్ళీ మెడ గోక్కున్నాడు. ఇంక నేనే వెళ్ళాను. మావగారు అరుగుమీద పేపరు చదువుతున్నారు. ఆ నెలలోనే రక్షణ నిధికి చేతి ఉంగరం ఇచ్చి వచ్చారు, అప్పట్నుంచి సరిహద్దు కబుర్లన్నీ తన సొంత కబుర్లే అయిపోయాయి.

"మావయ్యగారూ, నడిమిగదిలో ఆ వెంటిలేటరు తెరిపిస్తే అమ్మాయికి కాస్త గాలి ఆడుతుంది."

"బాలింతకి గాలి తగలకూడదని బందర్లో మీ వాళ్ళు చెప్పలేదా?"

"లోపల కుంపటి ఉంది కదండీ. నాకే తల తిరుగుతోంది."

"పొగ వస్తోందా?"

"లేదండీ. ఎర్రటి నిప్పులే."

"పొగ లేనప్పుడు ఇంక కన్నం దేనికమ్మాయ్? నాంచారి పెళ్ళాం చెవి పెట్టుకోడానికా?" అని పేపరు తిప్పారు.

ఇంక అక్కడ నిలబడి ప్రయోజనం లేదు. వీలున్నప్పుడల్లా తలుపు ఓరగా తీసేదాన్ని. మా అత్తగారు వచ్చి మూసేవారు. మళ్ళీ తీసేదాన్ని. ఆ ఆటతోనే బారసాల రోజు వచ్చింది.

ఆ రోజు పొద్దుట్నుంచీ ముసురు. గుడివాడవాళ్ళు టాక్సీ కట్టించుకుని వచ్చారు. వియ్యాలవారికి డాబా చూపించడానికి మావగారికి అదే మొదటి అవకాశం. హాలుకి కొత్తగా వెల్ల వేయించి, మామిడాకులు కట్టించారు. గోడవతల తమ్ముడింటికి మాత్రం పిలుపు వెళ్ళలేదు. పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేశారు, పళ్ళెంలో బియ్యంమీద పేరు రాశారు, ముత్తయిదువులు పాట అందుకున్నారు. విజయకుమారి పీటమీద కూర్చున్నంతసేపూ కళ్ళు మూతలు పడుతూనే ఉన్నాయి. దాని అత్తగారు చూసి, అమ్మాయి పాలిపోయిందేమిటండీ అన్నది. బాలింతలు అంతేనండీ అన్నారు మా అత్తగారు.

తంతు కాగానే అమ్మాయిని నడిమిగదిలోకి పంపేశారు. ముసురుకి చలి ఎక్కువగా ఉందని రెండో కుంపటి కూడా రాజేసి పెట్టారు. మామ్మ పొద్దుట్నుంచీ వంటింటి మూల కూర్చుని ఉన్నది. శుభకార్యంలో వియ్యాలవారికి ఆవిడ ఎదురుపడకూడదని ముందురోజే చెప్పి పెట్టారు. తనని పెంచిన మనిషిని దాచడానికి మావగారికి నడిమిగది దొరికింది. "అత్తా, అమ్మాయి దగ్గర కూర్చో. భోజనాలయ్యేదాకా బయటికి రాకు" అని ఆయనే దగ్గరుండి లోపలికి పంపారు. కుంపట్ల సెగకి హాలు వెల్ల మసకబారుతుందని ఆయనే తలుపు లాగారు. వంటింట్లోకి పోతున్న నాకు కనిపించింది. తలుపు కింద సందులో పాత చీర మడిచి తోసి మరీ వెళ్ళారు.

బంతులు వీధి వసారాలో వేశారు, నేను వడ్డనలో ఉన్నాను. మొదటి బంతిలో పిల్లలు తిని లేచారు. రెండో బంతిలో వియ్యాలవారి మగవాళ్ళు కూర్చున్నారు. అన్నం, పప్పు, పులుసు అయి పాయసం దగ్గరికి వచ్చేసరికి ఉయ్యాల్లో పిల్లాడు ఆకలికి ఏడవడం మొదలుపెట్టాడు. ఊపితే ఊరుకోలేదు. వాణ్ణి ఎత్తుకుని నడిమిగది తలుపు తోశాను. కింద చీర అడ్డుపడి తలుపు బిగుసుకుంది. భుజంతో నెట్టాను.

లోపల పొగ లేదు. రెండు కుంపట్లూ ఎర్రగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. విజయకుమారి మంచం అంచుమీదికి ఒరిగి ఉన్నది. చెయ్యి కిందికి వేలాడుతున్నది. మొహం పాలిపోయి లేదు, చెంపలు ఎర్రగా, పెళ్ళినాటిలా ఉన్నాయి. మామ్మ తలుపు దగ్గరికి పాక్కుంటూ వచ్చింది కాబోలు, గడపకి మూరెడు దూరంలో బోర్లా పడి ఉన్నది. నేను తలుపు తోసినప్పుడు అడ్డుపడింది చీర ఒక్కటే కాదు. ఆవిడ చెయ్యి.

పిల్లాణ్ణి ఉయ్యాల్లో పడేసి వచ్చి విజయకుమారి చంకల్లో చేతులు పెట్టి ఈడ్చాను. ఎంత బరువుందో నాకిప్పటికీ భుజాల్లో గుర్తే. వంటింట్లోంచి పెరటి వసారాలోకి తెచ్చి ముసురుగాలిలో పడుకోబెట్టాను. మళ్ళీ వెళ్ళి మామ్మని తెచ్చాను. ఆవిడ ఏమీ బరువు లేదు. మా ఆయన నీళ్ళ బిందెతో ఎదురొచ్చి నిలబడిపోయాడు. విజయకుమారి మొహాన నీళ్ళు కొడుతుంటే గురక లాంటి ఊపిరి ఒకటి లాగింది. మామ్మ లాగలేదు.

ఈ అలికిడికి మావగారు వచ్చారు. చూశారు. మనిషి తెల్లబోయాడు, అబద్ధం చెప్పను. కానీ ఆయన నోట వచ్చిన మొదటి మాట నేను బతికున్నంతకాలం మరిచిపోను.

"గోల చెయ్యకండి. వియ్యాలవారు ఇంకా పెరుగులోకి రాలేదు."

కళ్ళు తిరిగి ఉంటుందనీ, కాసేపట్లో తేరుకుంటుందనీ, బంతి లేవగానే తనే నెమ్మదిగా చెబుతాననీ అన్నారు. శుభమా అని పేరు పెట్టిన రోజు చావు కబురు వియ్యాలవారి విస్తళ్ళలో వడ్డిస్తామా అన్నారు. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని ఆయన వెనక నిలబడ్డారు. మా ఆయన మెడమీదికి చెయ్యి పోనిచ్చాడు.

నేను హాలు దాటి వీధి వసారాలోకి నడిచాను. కోడళ్ళు పెద్దవాళ్ళ బంతిలోకి వడ్డించడానికి తప్ప వెళ్ళరు, వెళ్ళినా నోరు విప్పరు. చీర తడిసి కాళ్ళకి చుట్టుకుంటోంది. బంతి నడుమ భాస్కరరావు విస్తరి ముందు ఆగాను.

"అన్నయ్యగారూ, విజయకి స్పృహ లేదు. మీ టాక్సీలో బందరు తీసుకెళ్ళాలి. ఇప్పుడే."

అతను నా మొహంలోకి చూసి, ఎంగిలి చేత్తోనే లేచాడు. బంతంతా లేచింది. మావగారి బారసాల భోజనం అలా ముగిసింది.

టాక్సీ అద్దాలు దింపించి, తల నా ఒళ్ళో పెట్టుకుని, ముసురు మొహానికి కొడుతుండగా బందరు ఆసుపత్రికి చేరాం. లేడీ డాక్టరు కనురెప్పలు ఎత్తి చూసి వెంటనే ఆక్సిజన్ పెట్టించింది. బాలింత అని చెప్పగానే అడిగిన మొదటి ప్రశ్న, గదిలో కుంపటి పెట్టారా అని. పెట్టామన్నాను. మావగారు కూడా వెనకనే ఇంకో బండిలో వచ్చారు. చలిగాలి తగిలిందండీ అన్నారు.

"చలిగాలి కాదు, బొగ్గు గాలి" అన్నది డాక్టరు. "పొగైతే దగ్గొచ్చి లేచి బయటికి వచ్చేవాళ్ళు. ఇది కనిపించదు, వాసన రాదు. నిద్ర వచ్చినట్టు వస్తుంది. ఆ గదికి కిటికీ లేదా?"

"మాది కొత్త డాబా అండీ. అన్నీ సిమెంటు..." అని మొదలుపెట్టారు మావగారు.

"వెంటిలేటరు ఉండేదండీ" అన్నాను నేను. "ఇటుకలు పెట్టి మూయించారు."

"ఎందుకు?"

ఆయన నావైపు చూశారు. చెప్పొద్దని ఆ చూపు. అంతకుముందు ఆ చూపుకి ఇంట్లో అన్నం ఉడికేది, ఉడకడం ఆగేది.

"మా మావగారికీ వాళ్ళ తమ్ముడికీ మాటల్లేవండీ" అన్నాను.

డాక్టరు ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసి, చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. భాస్కరరావు బెంచీమీద కూర్చుని తన ఎండిన ఎంగిలి చెయ్యి చూసుకుంటున్నాడు.

విజయకుమారి బతికింది. మామ్మని ఆ సాయంత్రమే తీసుకెళ్ళిపోయారు. తలకొరివి ఎవరు పెట్టాలన్న దగ్గర అన్నదమ్ములిద్దరూ మనుషుల్ని పెట్టి మాట్లాడించుకున్నారట, పెంచిన రుణం నాదంటే నాదని. బతికుండగా ఆవిడకి ఊపిరి పీల్చుకోడానికి జానెడు కన్నం ఇవ్వలేనివాళ్ళు, పోయాక పోటీపడ్డారు. పెద్దవాడు కాబట్టి మావగారే గెలిచారు.

పరామర్శకి వచ్చినవాళ్ళకి అరుగుమీద కూర్చుని చెబుతుండగా నేను విన్నాను. పుణ్యాత్మురాలండీ, మునిమనవడి బారసాల చూసి, ఎవరిచేతా ఒక్క రోజు చేయించుకోకుండా, దాటిపోయింది, ఇలాంటి చావు ఎంతమందికి వస్తుంది అని. అమ్మాయికి నీరసమండీ, బందర్లో మంచి డాక్టరు చేత చూపించాను అని. వచ్చినవాళ్ళు తలలూపారు. ఒకాయన డాబా పైకి చూస్తూ శ్లాబు ఎంత మందం వేయించారని కూడా అడిగాడు. మావగారు చెప్పారు.

నేను పెరట్లోకి వెళ్ళి గునపం తీసుకున్నాను. మా ఆయన దొడ్లో ఉన్నాడు. నిచ్చెన కావాలన్నాను. మోసుకొచ్చి నడిమిగదిలో గోడకి వేసి, కింద గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన జీవితం మొత్తంలో తండ్రిని ఎదిరించింది ఆ కాసేపే, అందుకే కాపురం నిలిచింది అనుకుంటాను.

సున్నం కింద ఎక్కడుందో తట్టి చూస్తే మోత తేడా తెలిసింది. మూడో పోటుకి సిమెంటు పగిలింది. ఇటుకలు ఒకటొకటే అవతలికి తోసేశాను. మోతకి మావగారు పరామర్శ వదిలేసి లోపలికొచ్చారు.

"ఎవర్నడిగి కొడుతున్నావమ్మాయ్?"

"ఎవర్నీ అడగలేదండీ."

ఆయన కొడుకువైపు చూశారు. కొడుకు నిచ్చెన మెట్టువైపు చూశాడు. ఇంకేదో అనేవారే గాని, అంతలోకి గోడవతలినుంచి నాంచారయ్యగారి గొంతు వినిపించింది. ఆరబెట్టిన అద్దకం బట్టలమీద ఇటుకలు పడ్డాయట. ఎవడబ్బ సొమ్మనుకుని మా వాటాలో రాళ్ళు పోస్తున్నారని కేకలు. మావగారికి ప్రాణం లేచొచ్చింది. నన్ను వదిలేసి, ఆ కన్నంకేసి మొహమెత్తి, ఎవడి వాటా రా అని అందుకున్నారు. పెళ్ళినాటినుంచి మాటల్లేని అన్నదమ్ములు మొదటిసారి నేరుగా మాట్లాడుకున్నారు. ఆ ఇటుకలు ఎవరు ఎత్తాలన్నదాని గురించి. మామ్మ పోయి ఇంకా పెద్దకర్మ కాలేదు. వాళ్ళ మాటల్లో ఆవిడ పేరు ఒక్కసారైనా వస్తుందేమోనని నిచ్చెనమీదే నిలబడి విన్నాను. రాలేదు.

కన్నంలోంచి చూస్తే నాంచారయ్యగారి భార్య సత్యవతమ్మగారు కొంగు బిగించి, ఒక్కో ఇటుకా ఎత్తి గోడవారగా పెడుతున్నది. తలెత్తి నన్ను చూసింది. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మళ్ళీ వంగి పని చేసుకున్నది. దిష్టి పెట్టిందని మేమన్న మనిషి ఆవిడ.

పెద్దకర్మ కాగానే మేమిద్దరం బందరు వెళ్ళిపోయాం. మా పుట్టింటి వీధిలోనే ఒక పెంకుటింట్లో అద్దెకి దిగాం. మా ఆయన ఒక బట్టల కొట్లో పనికి కుదిరాడు. అంత డాబా పెట్టుకుని అద్దింట్లో ఏమిటని మావగారు మనుషుల చేత అడిగించారు.

భాస్కరరావు ఆసుపత్రినుంచి విజయకుమారిని పెడన తీసుకురాలేదు. నేరుగా గుడివాడ తీసుకెళ్ళిపోయాడు. మనిషి తిరుగుతున్నది, తింటున్నది, పిల్లాణ్ణి ఎత్తుకుంటున్నది అని కబురు వచ్చేది. ఎండలు ముదిరాక చూడటానికి వెళ్ళాను. వాకిట్లోనే కూర్చుని ఉన్నది. నన్ను చూసి నవ్వింది. ఆ గలగల లేదు. మాట మొదలుపెట్టి మధ్యలో ఆగి, ఎక్కడిదాకా వచ్చానా అని వెతుక్కునేది. వీధిలో పోయేవాళ్ళు పలకరిస్తే పేరు కోసం నావైపు చూసేది, నాకేం తెలుసు గుడివాడవాళ్ళ పేర్లు. పిల్లాడు పాకుతూ వచ్చి ఒళ్ళో కూర్చుంటే మాత్రం చెయ్యి దానంతటదే వాడి వీపుమీదికి వెళ్ళింది.

కాసేపటికి అడిగింది, "మామ్మ రాలేదా వదినా?"

భాస్కరరావు నాకు సైగ చేశాడు. తరవాత చెప్పాడు, మామ్మ పోయిన సంగతి చాలాసార్లు చెప్పామనీ, చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడుస్తుందనీ, మర్నాటికి మరిచిపోతుందనీ. ఇంక చెప్పడం మానేశాడట.

"ఎండకి రాలేకపోయింది" అన్నాను.

"ఈసారి తీసుకురా. ఒక్కత్తే ఏం చేస్తుందక్కడ" అన్నది.

మా మావగారు ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు. తగాదాలు తీర్చారు, సన్మానాలు చేయించుకున్నారు, బారసాల నాటి కథని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తొణక్కుండా చెప్పారు. ఆయన కూడా కూతుర్ని చూడటానికి గుడివాడ వెళ్ళారు. మొదటిసారి వెళ్ళినప్పుడు విజయకుమారి ఎదురొచ్చి, ఆయన చేతిలో సంచీ అందుకుని, వెనక వీధివైపు చూసి, "మామ్మ ఏది నాన్నా?" అని అడిగిందట. రెండోసారి వెళ్ళినప్పుడూ అదే అడిగింది.

మూడోసారి వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పులు, బస్సు ఎక్కలేను అనేవారు. ఆ మోకాళ్ళతోనే ప్రతి ఏడూ తిరపతి కొండ నడిచి ఎక్కారు.